నాటకానికి పాటనిచ్చి, కన్నీరు మిగిల్చిన బళ్లారి ప్లీడరు
ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యుల జీవితం

ధర్మవరం పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది పట్టుచీర. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకుని, తెలుగు నాటకరంగానికి తాతగారై నిలిచిన మనిషి ఒకరున్నారన్న సంగతి ఆ మగ్గాల వీధుల్లో నేడు తలచుకునేవారు తక్కువ. ఆయన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదుతో సాహిత్య చరిత్ర గ్రంథాలన్నింటా ఆయన పేరు కనిపిస్తుంది. పోటీ పరీక్షలకు కూర్చునే విద్యార్థులు బిరుదునూ పేరునూ జతపరిచి కంఠస్థం చేస్తారు. అంతటితో సరి. ఆయన రచించిన ముప్పై దాకా నాటకాలలో ఏముంది, వాటిని ఆడినవారెవరు, ఒక తరం ప్రేక్షకులు నిద్ర మాని వాటిని ఎందుకు చూశారు అన్నవి ఆ ఒక్క మార్కు ప్రశ్నలో ఇమిడేవి కావు.

రామకృష్ణమాచార్యులు 1853లో ధర్మవరంలో జన్మించారు. నేడు ఆ పట్టణం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది. ఆయన పుట్టేనాటికి మాత్రం అనంతపురం జిల్లాయే లేదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దఖలుపడిన దత్తమండలాలలో బళ్లారి ఒక పెద్ద జిల్లా. 1882లో విడదీసేంతవరకు ధర్మవరం, అనంతపురం, పెనుకొండ ప్రాంతాలన్నీ ఆ జిల్లాలోనివే. కనుక చదువు కావాలన్నా, ఉద్యోగం కావాలన్నా, కోర్టు పని పడినా ఈ సీమ జనం వెళ్లవలసిన ఊరు బళ్లారి.

తండ్రి కృష్ణమాచార్యులు బళ్లారిలో పాఠశాల పండితులు. కుమారుడికి సంస్కృతాంధ్రాలు ఇంట్లోనే అబ్బాయి. పురాణాలు, సంస్కృత నాటకాలు తండ్రి వద్ద చదువుకున్నారు. ఇంగ్లీషు బడిలో చేరి ఆ భాషనూ పట్టు సాధించారు. కన్నడం సరేసరి, అది బళ్లారి వీధి భాష. అవధానం చేయగలిగిన ధారణాశక్తి కూడా ఉండేది. అయితే అవధానాలతోనూ, పాండిత్యంతోనూ పొయ్యిలో పిల్లి లేవదన్నది ఆనాడూ తెలిసిన సంగతే. కొంతకాలం సర్కారు కచేరీలో చిన్న ఉద్యోగం చేసి, ఆపై పరీక్ష నెగ్గి ప్లీడరయ్యారు. జీవితాంతం ఆయన వృత్తి అదే. నాటకం ఆయనకు అన్నం పెట్టిన వృత్తి కాదు. ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఆయన నాటకాలలో కోర్టు గది నీడ ఎంతగా పడిందో ముందు ముందు తెలుస్తుంది.

బళ్లారి సామాన్యమైన ఊరు కాదు. కొండ మీద కోట, కింద దండు, దండులో తెల్ల సిపాయిలు. బజారులో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించేవి. 1876-78 మధ్య వచ్చిన మహాక్షామంలో దత్తమండలాలు మలమల మాడిపోయాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గంజి కేంద్రాల ముందు జనం బారులు తీరారు. ఆ కరువు దాటిన పదేళ్లకే ఆ ఊరిలో నాటక సభలు వెలిశాయి. కడుపు నిండినవారి కాలక్షేపంగానే నాటకం పుట్టిందని అనేవారు ఈ తేదీలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

పాట ఎక్కడినుంచి వచ్చింది?

అంతకుముందు ఈ ప్రాంతానికి నాటకం లేదని కాదు. ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట నేటికీ బతికే ఉంది. యక్షగానాలు, వీధినాటకాలు, కన్నడ సీమ బయలాటలు జాతరలలో తెల్లవార్లూ సాగేవి. వాటన్నింటికీ ప్రాణం పాట. దరువు పడనిదే పాత్ర అడుగు వేయదు. అయితే ఇంగ్లీషు చదువులు చదివినవారు వీధినాటకాన్ని మోటు సరుకుగా చూశారు. వారు నాటకమంటే కాళిదాసు, భవభూతి, షేక్‌స్పియర్ అనుకున్నారు. తెలుగులో తొలి నాటక రచనలు చాలావరకు చదువుకునే పుస్తకాలే. 1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీ మధుకరీయం వచ్చింది, తరువాత అనువాదాలు వచ్చాయి. రంగస్థలం మీద ఆధునిక పద్ధతిలో తెలుగు నాటకం ఆడించిన కీర్తి రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుకు దక్కింది. 1880లో ఆయన తన శిష్యులచేత వ్యవహార ధర్మబోధినిని ఆడించారు. అందులో సంఘసంస్కరణ ఉంది, హాస్యం ఉంది. పాటకు చోటు లేదు.

అటు మహారాష్ట్రంలో కథ వేరుగా నడుస్తోంది. 1843లో విష్ణుదాస్ భావే సాంగ్లీలో మరాఠీ నాటకానికి శ్రీకారం చుట్టారు. ఇంచుమించు రామకృష్ణమాచార్యులు పుట్టిన కాలంలోనే లక్నోలో అమానత్ ఇందర్ సభ వ్రాశారు. పాటలే కథగా సాగే ఆ ఉర్దూ నాటకాన్ని పార్శీ కంపెనీలు ఊరూరా తిప్పాయి. 1880లో అన్నాసాహెబ్ కిర్లోస్కర్ పూణేలో సంగీత శాకుంతలం ఆడి, పాటను నాటకానికి నడుముగా చేశారు. ఇటలీవారి ఒపేరాలో ప్రతి మాటా పాటే. మన దేశంలో రూపుదిద్దుకున్న సంగీత నాటకం అలాంటిది కాదు. మాట మాటగానే ఉంటుంది. మనసు మాటలో పట్టనప్పుడు పద్యమో పాటో అందుకుంటుంది. ఈ గాలి బళ్లారికి తగలడానికి ఆలస్యం కాలేదు. ధార్వాడ, సాంగ్లీల వైపు నుంచి వచ్చిన కంపెనీలు దత్తమండలాలలో ఆడాయి.

ఆ ఆటలు చూసినవారిలో ప్లీడరు రామకృష్ణమాచార్యులు ఒకరు. ఆయన మొదట కలం పట్టింది తెలుగులో కాదు, కన్నడంలో. స్వప్నానిరుద్ధమనే కన్నడ నాటకం వ్రాసి ఆడించారు. అది నచ్చిన మిత్రులు తెలుగులోనూ కావాలన్నారు. 1887 జనవరిలో చిత్రనళీయం బళ్లారిలో రంగమెక్కింది. నలదమయంతుల కథ అందరికీ తెలిసినదే. తెలియనిది ఆ కథ చెప్పిన తీరు. అంకాలను రంగాలుగా విభజించారు. వచనానికీ పద్యానికీ తోడు పాటను ప్రవేశపెట్టారు. పండితులు వీధిలోకి తరిమిన పాటకు తిరిగి సభలో పీట వేశారన్నమాట. తెలుగు నాటకానికి ఆయన చేసిన మొదటి మేలు ఇదే. కొందరి దృష్టిలో మొదటి చేటు కూడా ఇదే. ఆ గొడవ తరువాత చూద్దాం.

సరస వినోదిని

నాటకాలు ఆడేందుకు ఏర్పడిన సంస్థ పేరు సరస వినోదిని సభ. దానిని కంపెనీ అనడం కంటే సభ అనడమే సబబు. అందులో జీతగాళ్లు లేరు. వకీళ్లు, ఉపాధ్యాయులు, కచేరీ ఉద్యోగులు, పగలు ఎవరి పని వారు చేసుకుని రాత్రి వల్లెలు వేసేవారు. నాటకాలాడేవారంటే కులం చెడినవారన్న చూపు ఉన్న రోజులలో, కోర్టులో వాదించే ప్లీడరు ముఖానికి రంగు పూసుకుని నిలబడటం చిన్న సాహసమేమీ కాదు. రామకృష్ణమాచార్యులు రచయిత, శిక్షకుడు, నిర్వాహకుడు. ప్రధాన పాత్రలలో నటుడు కూడా ఆయనే. స్త్రీ పాత్రలను మగవారే ధరించేవారు. ఆ కట్టుబాటును ఆయన ప్రశ్నించలేదు. అది ఆయన కాలపు పరిమితి.

సభకు నాటకాలు కావాలి. ఒకే ఊరి ప్రేక్షకులకు ఏడాదికి ఎన్నిసార్లని నలుడినే చూపిస్తారు? అందుకే ఒకదాని వెంట ఒకటిగా ఆయన వ్రాసుకుంటూ పోయారు. పాదుకా పట్టాభిషేకం, భక్త ప్రహ్లాద, మోహినీ రుక్మాంగద, విషాద సారంగధర, బృహన్నల, ప్రమీలార్జునీయం, పాంచాలీ స్వయంవరం, చిరకారి, సావిత్రీ చిత్రాశ్వం, వరూధిని, ఉషా పరిణయం, హరిశ్చంద్ర, అజామిళ... జాబితా ఇంకా ఉంది. రాజసభ తెర, వనం తెర, వీధి తెర అనే మూడు నాలుగు తెరలతో ఏ నాటకమైనా ఆడుకోగలిగేలా రచన సాగింది. ఇవాళ వచ్చిన నటుడు రేపు రాకపోయినా ఇంకో నాటకంతో ఆ రాత్రి గడిచేలా సభ నిలదొక్కుకున్నది ఈ సమృద్ధి వల్లనే.

జాబితా పైపైన చూస్తే పురాణ కథల మూటలాగే ఉంటుంది. కొంచెం ఆగి చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. పాదుకా పట్టాభిషేకంలో తండ్రి ఇచ్చిన మాట కొడుకును అడవికి పంపి, ఆ తండ్రి ప్రాణమే తీస్తుంది. ప్రహ్లాదలో తండ్రే కొడుకును చంపమని ఆజ్ఞాపిస్తాడు. ఏకాదశీ వ్రతం తప్పని రుక్మాంగదుడు మోహిని పట్టుదలకు లొంగి కన్నకొడుకు మీద కత్తి ఎత్తవలసి వస్తుంది. చిరకారి మహాభారతం శాంతిపర్వంలోని కథ. గౌతముడు భార్య మీద కోపంతో ఆమెను వధించమని కొడుకుకు చెప్పి వెళ్లిపోతాడు. ఏ పనైనా నిదానంగా ఆలోచించి చేసే ఆ కుర్రవాడు ఎటూ తేల్చుకోలేక ఆలస్యం చేస్తాడు. ఈలోగా తండ్రికి పశ్చాత్తాపం కలిగి పరుగున తిరిగి వస్తాడు. ఆలస్యమే తల్లిని బతికిస్తుంది. హరిశ్చంద్రుడి చేతి కత్తి భార్య మెడ మీదికి వస్తుంది. విషాద సారంగధర సంగతి సరేసరి.

ఒక ఇంటి యజమాని, ఒక రాజు, ఒక తండ్రి తొందరపడి తీర్పు చెప్పడం, ఆ తీర్పు నిరపరాధి మెడకు చుట్టుకోవడం రామకృష్ణమాచార్యుల నాటకాలలో మాటిమాటికీ తిరిగి వచ్చే ఘట్టం. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. పగలంతా కోర్టులో సాక్ష్యాలనూ, శిక్షలనూ చూసిన మనిషి రాత్రి పురాణాలలోనూ అవే వెతికారని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆయనను కేవలం పాటల నాటకకర్తగా చూసేవారు ఈ దారం వదిలేస్తున్నారు.

సారంగధరుడికి కాళ్లు రాలేదు

ఈ నాటకాలన్నింటిలోనూ చివరి క్షణంలో ఎవరో ఒకరు వచ్చి ఆపుతారు. నరసింహుడు స్తంభంలోంచి వస్తాడు, విష్ణువు రుక్మాంగదుడి చేయి పట్టుకుంటాడు, గౌతముడు తిరిగి వస్తాడు. విషాద సారంగధరలో మాత్రం ఎవరూ రారు.

కథ రాజమహేంద్రవరానిది. రాజరాజనరేంద్రుడి చిన్నభార్య చిత్రాంగి, సవతి కొడుకైన సారంగధరుడిని మోహిస్తుంది. పావురం ఆమె మేడ మీద వాలుతుంది. దానికోసం వెళ్లిన యువరాజు ఆమె కోరికను కాదంటాడు. ఆమె అతని మీద నింద మోపుతుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. ఇది చరిత్ర కాదని ఇక్కడే చెప్పాలి. నన్నయ చేత భారతం వ్రాయించిన రాజరాజనరేంద్రుడి కొడుకు చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడిగా దీర్ఘకాలం పాలించాడు. అయినా కథ జనం నోట నిలిచిపోయింది. పదిహేనో శతాబ్దపు గౌరన నవనాథ చరిత్రలో ఇది ఉంది. తంజావూరు నాయకుల కాలపు చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రలోనూ ఉంది. అక్కడంతా చివరకు ఒక సిద్ధుడి కృపవల్ల తెగిన అవయవాలు తిరిగి వస్తాయి. శ్రోతలు నిట్టూర్చి లేచి వెళ్తారు.

రామకృష్ణమాచార్యులు ఆ సిద్ధుడి ఓదార్పును కాదన్నారు. పేరులోనే విషాదమని పెట్టి, తెలుగు రంగస్థలం మీద తొలి విషాదాంత నాటకాన్ని నిలబెట్టారు. సంస్కృత సంప్రదాయంలో నాటకం మంగళంగా ముగియాలి. మరణం రంగం మీద చూపరాదు. ఆ నియమం ఎరిగిన పండితుడే దానిని దాటారు. షేక్‌స్పియర్ చదివిన ప్రభావం ఇందులో ఉందని విమర్శకులంతా చెబుతారు, అది నిజమే. అయితే అదొక్కటే కారణం కాదనిపిస్తుంది. ఉరి పడ్డాక అప్పీలు ఉండదని ప్లీడరుకు తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది? తప్పు తెలుసుకున్న తండ్రి ఏడుపు తెగిన చేతులను అతికించదు. తమకు చిన్ననాటి నుంచి తెలిసిన కథ తమకు తెలిసిన చోట ముగియకపోవడం చూసిన ప్రేక్షకుడు, జవాబు లేని ప్రశ్నతో ఇంటికి వెళ్లవలసి వచ్చింది. శుభాంతం చేయని నాటకం నాటకమేనా అని విమర్శలు రాకపోలేదు. అయినా ఆయన నాటకాలన్నింటిలోనూ ఎక్కువ చోట్ల, ఎక్కువ కాలం ఆడింది ఇదే. విమర్శకులు కాదన్నదానిని టిక్కెట్టు కొన్నవారు అవునన్నారు.

చెన్నపట్నంలో

సరస వినోదిని సభ బళ్లారి దాటి వెళ్లిన ప్రయాణాలలో చరిత్రలో నిలిచిపోయినది 1891 నాటి చెన్నపట్నం యాత్ర. తెలుగువారి కంటే తమిళులే దీనిని బాగా గుర్తుంచుకున్నారు. విక్టోరియా పబ్లిక్ హాలులో జరిగిన ఆ ప్రదర్శనలు చూసినవారిలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే నవయువకుడు ఉన్నాడు. నాటకమంటే అతనికి అంతదాకా చిన్నచూపు. వీధుల్లో చూసిన ఆటలు అతనికి రుచించలేదు. ఇక్కడ చదువుకున్న పెద్దమనుషులు, కోర్టులో గౌరవం ఉన్నవారు, వేషాలు కట్టి పద్యాలు పాడుతున్నారు. భాష తనది కాదు, అయినా మనసు కదిలింది. అదే ఏడాది జూలైలో మిత్రులతో కలిసి చెన్నపట్నంలో సుగుణ విలాస సభ స్థాపించాడు. తరువాతి కాలంలో తమిళ నాటకానికి పితృస్థానం అందుకున్నది ఆ యువకుడే. తమ ఆత్మకథలో బళ్లారివారి ఋణాన్ని ఆయన దాచుకోలేదు. సారంగధరుడి కథను తమిళ నాటకంగా కూడా వ్రాశారు. రెండు భాషల రంగస్థలాలకు ఒకే ప్లీడరు ఏకకాలంలో ప్రేరణ కావడం అరుదైన విశేషం. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యమైనా కావలసింది.

బళ్లారిలో ఆయనకు పోటీ లేకపోలేదు. కోలాచలం శ్రీనివాసరావు కూడా వకీలే. వయసులో ఒక్క ఏడాది చిన్న. ఆయన సుమనోరమ సభ నడిపారు. పురాణం మీద కంటే చరిత్ర మీద ఆయనకు మక్కువ. విజయనగర పతనాన్ని నాటకం చేశారు. ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో గ్రంథంగా వ్రాశారు. ఒకే ఊళ్లో ఇద్దరు ప్లీడర్లు, రెండు సభలు, రెండు దారులు. ఒకరి నాటకం చూసి వచ్చిన జనం మరొకరి నాటకంతో పోల్చి వాదులాడుకునేవారు. ఈ పోటీ బళ్లారికి మేలే చేసింది. ఆ మేలులో పెద్ద వాటా ఒక మేనల్లుడికి దక్కింది.

మామ పాట, అల్లుడి మాట

తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవకు రామకృష్ణమాచార్యులు మేనమామ. తరువాత బళ్లారి రాఘవగా దేశం ఎరిగిన నటుడాయనే. మామ ఒడిలో నాటకం నేర్చుకున్న రాఘవ, కోలాచలం వారి నాటకాలలోనూ ప్రఖ్యాతి గడించారు. ఆయనా ప్లీడరే. ఆ ఊరి కోర్టుకూ రంగస్థలానికీ మధ్య దారి బాగా నలిగి ఉన్నట్టుంది. అయితే నాటకంలో పాట విషయంలో మామా అల్లుళ్ల దారులు వేరయ్యాయి. నటుడు పాత్రగా మాట్లాడాలి, పాత్ర చస్తూ కూడా రాగాలాపన చేయడం హాస్యాస్పదమని రాఘవ నమ్మారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుపట్టి ఆచరణలో చూపారు. మామ వదిలిన రెండు ప్రశ్నలకూ అల్లుడు జవాబు వెదికారని చెప్పవచ్చు.

ఇక పాట గొడవ. రామకృష్ణమాచార్యులు తెరిచిన తలుపులోంచి పాట ఒక్కటే రాలేదు, దాని వెంట రాగాలాపన వచ్చింది, హార్మోనియం వచ్చింది, వన్స్‌మోర్ వచ్చింది. 1920, 30లలో పద్యనాటకం వైభవంగా వెలిగిన రోజులలో ఒక్క పద్యాన్ని పావుగంట సాగదీయడం మామూలైంది. చనిపోయిన పాత్ర వన్స్‌మోర్ అనగానే లేచి మళ్లీ పాడి మళ్లీ చనిపోయిందన్న కథలు ఊరూరా చెప్పుకుంటారు. ఆ నింద అంతా ఈయన నెత్తిన వేయడం న్యాయం కాదు. సరస వినోదినివారు పాడుకుని బతకవలసిన వృత్తి నటులు కారు. కథను ఆపి చప్పట్లు కొట్టించుకోవలసిన అవసరం వారికి లేదు. పొలంలో నీరు పారడానికి గట్టు తెంచినవాడు వరద తెచ్చినవాడు కాదు. అయినా గట్టు తెంచింది ఆయనే అన్నదీ కాదనలేం. ఆయన నాటకాలలో పాటల సంఖ్య కొన్నిచోట్ల కథ భరించగలిగినదాని కంటే ఎక్కువే. భాష కూడా గ్రాంథికమే, రాజూ సేవకుడూ ఒకే తీరున మాట్లాడతారు. పాత్రను బట్టి భాష మార్చే పద్ధతిని 1897 నాటి ప్రతాపరుద్రీయంతో వేదం వేంకటరాయశాస్త్రి నిలబెట్టారు. ఆ దారి రామకృష్ణమాచార్యులు తొక్కలేదు.

ఇటు రాఘవ మాటకు పట్టం కట్టినా, అటు తెలుగు ప్రేక్షకుడు పాటను వదల్లేదు. తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు ధరించిన పాత్రలలో చిత్రాంగి ముఖ్యమైనది. బాపట్లలో పుట్టిన ఆ మహానటుడు దుష్టురాలిగా పేరుపడిన స్త్రీకి సానుభూతి సంపాదించి పెట్టాడు. సారంగధర కథ తెలుగు కంపెనీల నాటకాల వరసలో చాలా కాలం తప్పనిసరి అయింది. కథ కొత్తది కాదు, వందల ఏళ్ల నాటిది. దానికి రంగస్థలం మీద గౌరవస్థానం కల్పించినవారు మాత్రం బళ్లారి ఆచార్యులే.

ఆలూరులో చివరి రోజులు

ఆఖరి ఘట్టం ఆలూరులో. బళ్లారికి దగ్గరగా, నాటి బళ్లారి జిల్లాలోనే తాలూకా కేంద్రం. రామకృష్ణమాచార్యులు 1912 నవంబరులో అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు నిండీ నిండని వయసు. ఆంధ్ర నాటక పితామహ బిరుదు ఆయన బతికి ఉండగానే వచ్చింది. వ్రాసిన నాటకాలలో అన్నీ అచ్చు చూడలేదు. సభలో చేతివ్రాత ప్రతులతో ఆడినవి ఆ ప్రతులతోనే పోయాయి. నాటకకర్తకు ఇదొక శాపం. ఆడినంతకాలం వేలమంది నోట నిలుస్తుంది, ఆట ఆగిన మర్నాడు పుస్తకం లేకపోతే పేరు మాత్రమే మిగులుతుంది.

అయితే ఆయన పోయిన ఇరవై ఏళ్లకు ఒక వింత జరిగింది. తెలుగులో తొలి టాకీ తీయాలని హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో తలపెట్టినప్పుడు, కొత్తగా కథ వ్రాసుకునే తీరిక ఎవరికీ లేదు. నాటకాలవారికి నోటికి వచ్చిన నాటకమే కావలసి వచ్చింది. సురభివారు ఆడుతున్న భక్త ప్రహ్లాద దొరికింది. దానికి మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో ఆ చిత్రం విడుదలైంది. తెర మీద తెలుగు మొదటిసారి మాట్లాడినప్పుడు, పాడినప్పుడు కూడా, దాని వెనుక బళ్లారి సభలో పుట్టిన నాటకం ఉంది. మామ పాటను అల్లుడు రంగస్థలం మీద నుంచి దించాలనుకుంటున్న రోజులలోనే, అది వెండితెర ఎక్కి కూర్చుంది. నేటికీ దిగలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ సందర్భంలో బళ్లారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. రామకృష్ణమాచార్యులు పుట్టిన ధర్మవరం, తుదిశ్వాస విడిచిన ఆలూరు మన వైపు ఉన్నాయి. చిత్రనళీయం తొలిసారి ఆడిన ఊరు, సరస వినోదిని సభ పద్యాలు వల్లించిన ఊరు సరిహద్దుకు అవతల ఉంది. మేనల్లుడి పేరిట రాఘవ కళామందిరం కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆలూరు నుంచి బస్సెక్కితే గంటన్నరలోపు ప్రయాణం.